లోకమున బలము చేతులు మారు తీరు



చైనా పెరుగుచున్నదనియు, అమెరికా తగ్గుచున్నదనియు, భారతదేశము తల యెత్తుచున్నదనియు పత్రికలు దినదినము వ్రాయుచున్నవి. చేతిలోని ఫోనులో ఈ మాటలే పదింతలు గట్టిగా వినబడుచున్నవి. అరుగుమీద కూర్చున్న పెద్దమనిషి “ఇందులో మనకేమి?” అని యడుగుట న్యాయమే. నేడు నేను ఆ ప్రశ్నకే సమాధానము చెప్పదలచితిని. ఏ దేశము గెలుచునో జోస్యము చెప్పుట నా పని కాదు. బలము ఒకరి చేతినుండి మరియొకరి చేతికి ఎట్లు పోవునో, దూరమున నున్న మనము దానిని ఏ గుర్తులనుబట్టి కనిపెట్టవలయునో, అంతమాత్రమే మనవి చేసెదను.

ఈ విద్యకు ఇప్పుడు భౌగోళిక రాజనీతి యని పేరు. పేరు క్రొత్తది, విద్య పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము మరుగుపడియుండి, 1905లో మైసూరునందు ఆర్. శామశాస్త్రిగారికి తాళపత్రరూపమున లభించి, 1909లో అచ్చుపడినది. అందు రాజ్యమునకు ఏడంగములు చెప్పబడినవి. స్వామి యనగా ఏలువాడు. అమాత్యుడనగా ఆలోచన చెప్పి పని నడపువాడు. జనపదమనగా పండించు నేల, పనిచేయు ప్రజ. దుర్గమనగా శత్రువు చొరరాని చోటు. కోశమనగా ధనాగారము. దండమనగా సైన్యము. మిత్రమనగా ఆపదలో నిలుచు స్నేహితుడు.

ఈ యేడింటిలో జనుల కంటికి ముందుగా ఆనునవి రెండే. సింహాసనమును అందరు చూతురు, సైన్యమును అందరు చూతురు. బలము మాత్రము ముందుగా కంటికానని యంగములలో కదలును. కోశము ఎవరి చేతిలో నున్నది, సరకు ఎవరు చేయుచున్నారు, త్రోవ ఎవరు కాచుచున్నారు, స్నేహితుడు ఎవరి యవసరమునకు స్నేహితుడు, ఈ నాలుగును మారిన చాలకాలమునకు గాని సింహాసనము కదలదు. నేటి ప్రసంగమున నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. దీనికి నిదర్శనము దూరదేశమున వెదుక నక్కర లేదు. మన తాత ముత్తాతలు బ్రదికిన నిజాము రాజ్యమే చాలును.

మా గోపాలుపేట ఒకప్పుడు సంస్థానము. చుట్టుప్రక్కల వనపర్తి, గద్వాల, కొల్లాపురము రాజధానిగా గల జటప్రోలు, ఆత్మకూరు రాజధానిగా గల అమరచింత, ఇవియు సంస్థానములే. ఈ రాజులు తమ గ్రామములలో శిస్తు తీసి, నిజాముకు పేష్కషు చెల్లించుచుండిరి. ఆ నిజామునకు పైన ఇంగ్లీషువారు. ఇట్లు మూడంతస్తుల మేడవలె నుండెను ఆ యేలుబడి. అడుగున మోయువాడు రైతు. పై యంతస్తున ఎవరుండిరో రైతు ఎరుగడు. కాని అక్కడ కదలిక వచ్చినప్పుడెల్ల వాని వీపుమీద బరువు మారుచునే యుండెను.

ఇంగ్లీషువారు నిజామునకు పైకి ఎట్లు వచ్చిరి? యుద్ధము చేసి గెలిచి కాదు. 18వ శతాబ్దపు నడుమ హైదరాబాదున పెత్తనము ఫ్రెంచివారిది. బుస్సీ యను సేనాని అండతో సలాబతుజంగు గద్దెమీద నిలిచి, దానికి ప్రతిఫలముగా 1753లో ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి విడిచెను. పిమ్మట ఆ సీమలు ఇంగ్లీషువారి వశమయ్యెను. 1795లో ఖర్డా యొద్ద నిజాము మరాఠాలచేత ఓడినప్పుడు, స్నేహితులమనిన ఇంగ్లీషువారు కదలక కూర్చుండిరి. నిజాము కోపించి, రేమండు అను ఫ్రెంచి సేనాని క్రింద సైన్యమును పెంచెను. ఆ రేమండు సమాధి హైదరాబాదున మలకుపేట ప్రాంతమున నేటికిని కలదు.

రేమండు 1798 మార్చిలో మరణించెను. ఆ సెప్టెంబరులో నిజాము ఇంగ్లీషువారితో సంధి వ్రాసికొనెను. దాని సారాంశ మిది: ఇంగ్లీషువారి ఆరు పటాలములు నిజాము రాజ్యమున నుండును, వాని జీతము నిజామే చెల్లించవలెను, ఫ్రెంచివారి సైన్యమును తీసివేయవలెను. జీతము ఏటేట ఇరువదినాలుగు లక్షల రూపాయలకు పైచిలుకు. అక్టోబరులో ఫ్రెంచి పటాలములు ఆయుధములు క్రింద పెట్టెను. ఆనాడు హైదరాబాదు వీధులలో నిలుచుండి చూచినవానికి ఏమి మారినట్లు తోచును? నవాబు ఏనుగు మీద నవాబే కలడు. నగారా మ్రోగుచునే యున్నది. కాని దండము పరాయిదయ్యెను. దానికి జీతమిచ్చు భారము మాత్రము తనది.

రెండేండ్లు తిరుగగానే ఆ భారము నేలను మ్రింగెను. టిప్పు సుల్తానుతోడి యుద్ధములలో తన వంతుకు వచ్చిన సీమలను, సైన్యపు జీతమునకై నిజాము 1800లో కుంఫిణీవారికి ధారపోసెను. బళ్లారి, అనంతపురము, కడప మొదలగు ఆ సీమలే దత్తమండలములు; 1928 తరువాత రాయలసీమ యను పేర వెలసినవి. ఒక్క కాగితముతో తెలుగువారి నేల రెండేలుబడులలో పడెను. పిమ్మట అప్పు. హైదరాబాదు కంటింజెంటు అను మరియొక సైన్యపు ఖర్చుక్రింద బాకీ పెరిగి, 1853లో బేరారును, రాయచూరు అంతర్వేదిని ఇంగ్లీషువారు తమ స్వాధీనము చేసికొనిరి. రాయచూరు 1860లో తిరిగి వచ్చెను, బేరారు రాలేదు. ఊరిలో షావుకారు నోటు వ్రాయించుకొని చెలక పట్టుకొనుట మీరెరుగుదురు. రాజ్యముల నడుమను అదే పద్ధతి.

సింహాసనము కదలుటకు మరి తొంబది యేండ్లు పట్టెను. 1947లో ఇంగ్లీషువారు వెడలిపోయిరి. నిజాము స్వతంత్రముగా నుండదలచి, నవంబరు 29న భారతదేశముతో యథాతథపు ఒడంబడిక చేసికొనెను. ఆయన లెక్కలో కోశము నిండుగా నుండెను. లోకమున మిక్కిలి ధనవంతుడని పేరు. కాని తక్కిన యంగములు? నాలుగు ప్రక్కల పరాయి నేల. సముద్రమునకు త్రోవ లేదు. సిడ్నీ కాటన్ అను వైమానికుడు కరాచీనుండి రాత్రులందు విమానములలో ఆయుధములు తేవలసివచ్చెను. జనపదము తన పక్షమున లేదు. రజాకారుల దౌర్జన్యముచేత పల్లెలు తల్లడిల్లుచుండెను. మిత్రము కొరకు 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతాసంఘమునకు ఫిర్యాదు పంపెను. భద్రతాసంఘము ప్యారిసు నగరమున సెప్టెంబరు 16న దానిని చర్చకు తీసికొనెను. 13వ తేదీననే భారతసేనలు సరిహద్దు దాటినవి. 17వ తేదీన నిజాము లొంగెను. పిదప కొలది దినములకే నిజాము ఫిర్యాదును తానే ఉపసంహరించుకొనెను. ధనమొక్కటే రాజ్యమును నిలుపజాలదని దీనివలన తేలినది.

ఈ కథలో మనకు దొరికిన గుర్తులు నాలుగు: సరకు, ధనము, త్రోవ, స్నేహము. వీనినే నేటి లోకమునకు అన్వయించి చూతము.

మొదటిది సరకు. సరకు చేయువాని చేతికే తుదకు బలము వచ్చును. 1750 ప్రాంతమున లోకములో తయారగు వస్తువులలో సగమునకు పైగా చైనా, భారతదేశములే చేయుచుండెనని ఆర్థిక చరిత్రకారుల అంచనా. మన మచిలీబందరు అద్దకపు బట్టలు ఓడలమీద ఎన్నో దేశములకు పోయిన కాలమది. 1900 నాటికి మన దేశపు భాగము నూటికి రెండుకంటె తక్కువయ్యెను. ఇంగ్లండులో ఆవిరియంత్రముల మగ్గములు వచ్చెను. మన మగ్గములు మూలబడెను. ఇప్పుడు చక్రము మరల తిరిగినది. చైనా 2001లో ప్రపంచ వాణిజ్యసంస్థలో చేరి, ఇరువదియేండ్లలో లోకపు కర్మాగారములలో తయారగు సరకు విలువలో నూటికి ముప్పది వంతుల వరకు తానే చేయుచు, అమెరికాను మించినది. మోటారులకును, విద్యుద్యంత్రములకును కావలసిన కొన్ని యరుదైన ఖనిజములను శుద్ధిచేయుపని దాదాపు చైనా చేతిలోనే యున్నది. 2025 ఏప్రిలులో వాని యెగుమతికి అది కట్టడి పెట్టగా, పెద్ద దేశముల కర్మాగారములే తొట్రుపడినవి. ఒక్క తుపాకియు పేలలేదు.

రెండవది ధనము. 1944లో అమెరికాలోని బ్రెట్టన్‌వుడ్సు సభయందు డాలరు లోకపు నాణెములకు కొలబద్ద అయ్యెను. 1971లో డాలరునకు బంగారముతో నున్న ముడి తెగినను, డాలరు పెత్తనము తెగలేదు. మన దేశమునకు ఈ పాఠము 1991లో తగిలెను. ఆనాడు మన ఖజానాలోని విదేశీ నాణెము రెండు మూడు వారముల దిగుమతులకు చాలియుండెను. ఆ జూలైలో సుమారు 47 టన్నుల బంగారము బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు, బ్యాంక్ ఆఫ్ జపాను యొద్ద కుదువబెట్టబడెను. కరవులో ఇల్లాలి మెడలోని గొలుసు షావుకారు పెట్టెలోనికి పోయినట్లే. అప్పుడు ప్రధానమంత్రి మన వంగర గ్రామమువారగు పి.వి. నరసింహారావుగారు.

మరి 2022లో రష్యా యుక్రెయినుమీదికి దండెత్తినప్పుడు, పడమటి దేశములు తమ యొద్దనున్న రష్యా సొమ్ము సుమారు 30,000 కోట్ల డాలర్లను కదలకుండ బంధించినవి. దానిని చూచి తక్కిన దేశములకు భయము పుట్టెను. 2022, 2023, 2024 సంవత్సరములలో ఏటేట లోకములోని కేంద్రబ్యాంకులు వేయి టన్నులకు మించి బంగారము కొన్నవి. మన రిజర్వు బ్యాంకు 2023-24లో నూరు టన్నుల బంగారమును ఇంగ్లండునుండి స్వదేశమునకు తెప్పించుకొన్నది. అయినను, 2024 నాటికి కేంద్రబ్యాంకుల విదేశీ నిలువలలో సగమునకు పైగా డాలరులే. కాబట్టి డాలరు పడిపోయినదని అరచువాని మాట నమ్మకుడు; డాలరునకు ఇక తిరుగులేదనువాని మాటయు నమ్మకుడు. నమ్మకము సన్నగిల్లుచున్నది; పెత్తనము నిలిచియున్నది. 1798కిని 1948కిని నడుమ నూట యేబదియేండ్లు గడచినవని మరువవలదు.

మూడవది త్రోవ. కౌటిల్యుని దుర్గము కొండమీదిది; నేటి దుర్గములు సముద్రములోని ఇరుకు ద్వారములు. అరబ్బు దేశములకు, ఇరానునకు నడుమ హోర్ముజు జలసంధి కలదు. మిక్కిలి ఇరుకైన చోట దాని వెడల్పు నలువది కిలోమీటర్లకు లోపే. 2024లో లోకము వాడిన చమురులో అయిదవ వంతు ఆ ద్వారమున పోయినది. ఎర్రసముద్రము ముఖద్వారమున 2023 నవంబరునుండి యెమెనులోని హూతీలు ఓడలమీద దాడి చేయగా, పెక్కు ఓడలు సూయెజు కాలువను విడిచి, 1498లో వాస్కో డ గామా వచ్చిన దక్షిణాఫ్రికా త్రోవను పట్టి చుట్టు తిరుగవలసివచ్చెను. పది దినములకు పైగా ప్రయాణము పెరిగెను, కిరాయి పెరిగెను. పెద్ద నౌకాదళము లేని చిన్న వర్గము పెద్దదేశముల వ్యాపారమును మలపగలిగెను. బలమునకు పరిమాణమొక్కటే కొలత కాదు. నిలుచున్న చోటును కొలతయే.

నాలుగవది స్నేహము. 1991 డిసెంబరులో సోవియట్ యూనియను విచ్ఛిన్నమయ్యెను. మనకు ఆయుధములిచ్చినది, భద్రతాసంఘమున మన పక్షమున నిలిచినది ఆ రాజ్యము. అది లేకపోవుటతో మన విదేశనీతికి ఆధారస్తంభము విరిగినట్లయ్యెను. నరసింహారావుగారు అప్పుడేమి చేసిరి? ఒక స్తంభమునకు బదులు మరియొక స్తంభమును పట్టుకొనలేదు. 1992 జనవరిలో ఇజ్రాయేలుతో పూర్తి దౌత్యసంబంధము నెలకొల్పిరి. తూర్పుదేశములవైపు చూపు త్రిప్పిరి. 1993 సెప్టెంబరులో చైనాతో సరిహద్దు శాంతి ఒడంబడిక చేసికొనిరి. అమెరికాతో వ్యాపారము పెంచిరి, రష్యాను విడువలేదు. శాస్త్రమున షాడ్గుణ్యమని ఆరుపాయములు గలవు. నిజాము 1798లో పట్టినది సంశ్రయము, అనగా బలవంతుని శరణు జొచ్చుట. నరసింహారావుగారు పట్టినది ఒక్కరికి లోబడక పదిమందితో పొత్తు. ఈ రెండింటి ఫలమును మనము చూచితిమి.

ఇక “మనకేమి” యను ప్రశ్నకు వత్తము. 2025 వానకాలపు పంటలో మన తెలంగాణములో యూరియా కొరకు రైతులు దుకాణముల ముందు తెల్లవారుజామునుండి నిలుచుండిరి. కొన్నిచోట్ల మనుష్యులకు బదులు చెప్పులు, పట్టాపుస్తకములు వరుసలో పెట్టబడెను. కారణములు పెక్కు: రామగుండము కర్మాగారము కొంతకాలము నిలిచిపోవుట యొకటి, చైనా తన యెరువును బయటికి పోనీయక పట్టుట మరియొకటి. యూరియా సహజవాయువునుండి పుట్టును. మనము వాడు వాయువులో సగము వరకు ఓడలలో వచ్చునది. పొటాషు ముడిసరకు మన నేలలో త్రవ్వితీయుట లేదు. అంతయు విదేశపు సరకే. నలువదియైదు కిలోల బస్తా వెనుక ఇన్ని సముద్రములు, ఇన్ని రాజ్యములు నిలుచున్నవి.

వంటనూనె సంగతియు నట్టిదే. మన మెట్టభూములలో వేరుశెనగ ప్రధానమైన పంట. ఆ పంటయే దక్షిణ అమెరికాలో పుట్టి, ఐరోపావారి ఓడలవలన లోకమున వ్యాపించినది. మన దేశము తాను వాడు నూనెలో సగమునకు పైగా దిగుమతి చేసికొనుచున్నది. 2022లో యుక్రెయిను యుద్ధమువలన పొద్దుతిరుగుడు నూనె రాక తగ్గెను. ఏప్రిలు నెల చివర ఇండొనేషియా పామునూనె యెగుమతిని మూడు వారములు ఆపెను. అంగడిలో ప్యాకెట్టు ధర ఎగిరెను. విదేశపు నూనె చౌకగా వచ్చినయేడు వేరుశెనగ ధర క్రుంగును, రానియేడు లేచును. ధర ఏల పడినదని మార్కెటులో దళారిని మాత్రమే తిట్టిన చాలదు.

మూడవది మన బిడ్డల సంగతి. చెలక అమ్మియో, బ్యాంకులో తాకట్టు పెట్టియో కొడుకును, మనుమరాలిని అమెరికాకు పంపిన కుటుంబములు తెలుగునాట ఎన్నియో కలవు. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించుచు ఉత్తరువు చేసెను. ఆ రాత్రి తెలుగునాట ఎన్నియిండ్లలో దీపము ఆరలేదో! ఇట్టి ఉత్తరువులు వచ్చుచుండును, కోర్టులలో పడుచుండును, మారుచుండును. మనము గ్రహింపవలసినది వేరొకటి. ఒక కుటుంబము తన నేలనంతయు ఒక దేశపు ఒక్క కాగితముమీద నిలిపినయెడల, అది 1798లో నిజాము చేసిన పనియే. పిల్లలను పంపవలదని నేననను. విద్యకు సరిహద్దు లేదు. కాని ఉన్న నేల అంతయు పణముగా పెట్టవలదు. చదువు నాలుగు దేశములలో చెల్లునట్టిదిగా, మన యూరిలోను అన్నము పెట్టునట్టిదిగా చూచుకొనవలయును.

పేరులును గౌరవములును బలముకంటె వెనుకబడి నడచుననుట కింకొక సాక్ష్యము. భద్రతాసంఘములో శాశ్వతస్థానములు అయిదు: అమెరికా, రష్యా, చైనా, బ్రిటను, ఫ్రాన్సు. ఇవి 1945 నాటి విజేతల పీటలు. 2023లో జనసంఖ్యయందు చైనాను దాటిన భారతదేశమునకు అక్కడ శాశ్వతమైన పీట లేదు. 2022 నాటికి మన దేశపు మొత్తము ఉత్పత్తి విలువ బ్రిటనును మించినది; దీనికి సంతోషింపవచ్చును. కాని తలకొక్కింటికి పంచి చూచిన బ్రిటను వాని యాదాయము మన వానికి పదిరెట్లకు తక్కువ కాదు. ఇంటి పొడవు చూచి గర్వించువాడు, ఇంటిలో ఎందరున్నారో, గాదెలో ఎంతయున్నదో కూడ చూడవలయును కదా.

కావున పెద్దలారా, రేపు పత్రికలో గాని ఫోనులో గాని లోకవార్త వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు వేసికొనుడు. ఈ సరకును ఎవరు చేయుచున్నారు? దీని మూల్యము ఏ నాణెమున, ఎవరి యప్పుతో చెల్లుచున్నది? ఇది ఏ త్రోవన వచ్చుచున్నది, ఆ ద్వారమును కాచువారెవరు? ఈ స్నేహము ఎవరి యవసరమువలన నిలిచియున్నది, ఆ యవసరము తీరిన పిదప ఏమగును? ఈ నాలుగింటికి జవాబు చెప్పలేని వార్త ఎంత గట్టిగా అరచినను అది వట్టి నగారా మ్రోతయే. చిన్నవారిని ఎదుట కూర్చుండబెట్టుకొని, ప్రపంచపటము గోడకు తగిలించి, హోర్ముజు ఎక్కడ, సూయెజు ఎక్కడ, మన విశాఖపట్టణము రేవు ఎక్కడ అని చూపుడు. మన సంస్థానములు, మన నిజాము ఎట్లు పోయిరో చెప్పుడు. ఏనుగు మీద ఎవరు కూర్చుండిరని కాక, ఏనుగునకు మేత ఎవరు వేయుచున్నారని అడుగుట నేర్పుడు. అదియే ఈ విద్యకు ఓనమాలు.